స్మార్ట్‌ఫోన్ మెమరీ: ఖాళీ చేయవలసినదేది, చేయరానిదేది?

"ఫోన్ హ్యాంగ్ అవుతున్నది" అనే ఫిర్యాదు నేడు అనేక భారతీయ భాషల ఉమ్మడి సొత్తు. లక్నోలో "ఫోన్ హ్యాంగ్ హో రహా హై" అన్నా, విజయవాడలో "ఫోను హ్యాంగయింది" అన్నా చెప్పదలచినది ఒక్కటే. తాకిన యాప్ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతున్నది. కీబోర్డు పైకి రావడానికి మరికొంత సేపు. కెమెరా తెరిచేలోగా ఫోటో తీయవలసిన దృశ్యం కాస్తా గడిచిపోతున్నది. ఈ ఫిర్యాదు వెంటనే వినవచ్చే రెండవ మాట "మెమరీ ఫుల్". రోగ లక్షణం చెప్పిన మనిషే రోగ నిర్ణయం కూడా చేసి, ఆపైన ఇరుగుపొరుగు పిల్లవాడు సూచించిన 'క్లీనర్' యాప్ ఒకదానిని మందుగా దింపుకోవడం సర్వసాధారణమైపోయింది. ఈ మందు చాలా సందర్భాలలో రోగాన్ని పెంచుతుందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశాలలో ఒకటి.

సినిమా పాటలు వినడానికో, క్రికెట్ స్కోరు చూడడానికో మాత్రమే ఫోను పనికివచ్చిన రోజులలో దాని మందకొడితనాన్ని ఓపికతో భరించవచ్చును. కాని నేడు పరిస్థితి వేరు. 2016లో యూపీఐ ప్రవేశించిన తరువాత కూరగాయల బండి వద్ద సైతం డబ్బు ఫోను ద్వారానే చేతులు మారుతున్నది. బ్యాంకు లావాదేవీకి, ఆధార్ సవరణకు, ఉద్యోగ దరఖాస్తుకు ఓటీపీ సందేశం తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో సమర్పించే జీవన ప్రమాణ పత్రం విషయమే తీసుకుందాం. 2014లో ప్రారంభమైన 'జీవన్ ప్రమాణ్' డిజిటల్ విధానానికి 2021లో ముఖాన్ని బట్టి గుర్తించే పద్ధతి తోడయింది. వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధులు బ్యాంకుదాకా పోనక్కరలేకుండా, ఇంట్లో కూర్చుని ఆండ్రాయిడ్ ఫోను ఎదుట ముఖం చూపి పత్రం సమర్పించుకునే సౌకర్యమిది. కాని ఇందుకు అవసరమైన యాప్‌లు దింపుకోబోయేసరికి "తగినంత స్టోరేజ్ లేదు" అని ఫోను మొరాయిస్తే, ఆ సౌకర్యం ఆ ఇంటికి లేనట్లే.

అంతకంటె ఎక్కువమందికి తెలియని సంగతి మరొకటి ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులో నిల్వ స్థలం పూర్తిగా నిండిపోయినప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ సందేశాలను సైతం ఫోను స్వీకరించదు. స్థలం లేదని నెట్‌వర్కుకు తెలిపి, వచ్చిన సందేశాన్ని తిప్పి పంపుతుంది. సంతకం పెట్టే చేయి, డబ్బున్న ఖాతా, అన్నీ సిద్ధంగా ఉండి కూడా ఓటీపీ రాకపోవడానికి సిగ్నల్ లోపమే కారణమని మనం అనుకుంటాం. కొన్నిసార్లు కారణం, ఫోనులో పేరుకుపోయిన రెండేళ్లనాటి పండుగ వీడియోలు కావచ్చును.

ఒకే మాట, రెండు వస్తువులు

గందరగోళానికి మూలం 'మెమరీ' అనే మాటలోనే ఉన్నది. హిందీలో 'స్మృతి' అనీ, 'భండారణ్' అనీ రెండు వేర్వేరు పదాలు ఉన్నప్పటికీ, వాడుకలో అక్కడా ఇక్కడా 'మెమరీ' ఒక్కటే నిలిచింది. హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేసే ఈ రచయిత, ఆ మాట ఎదురైన ప్రతిసారీ "ఏ మెమరీ?" అని ఒకసారి ఆగి ప్రశ్నించుకోవలసి వస్తున్నది. ఫోను వాడేవారు కూడా ఇదే ప్రశ్న వేసుకోగలిగితే సగం చిక్కు విడిపోతుంది.

ఒక పాత ప్రభుత్వ కార్యాలయాన్ని ఊహించుకోండి. గుమాస్తా ముందు ఒక బల్ల ఉన్నది. వెనుక రికార్డు గది ఉన్నది. ఆ పూట పని జరుగుతున్న ఫైళ్లు బల్లమీద ఉంటాయి. మిగిలినవన్నీ రికార్డు గదిలో అలమరాలలో ఉంటాయి. ఫోనులోని 'ర్యామ్' ఈ బల్లవంటిది. ఫోను ఆపివేస్తే దానిపై ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. 'స్టోరేజ్' రికార్డు గది వంటిది. ఫోను ఆపినా, బ్యాటరీ అయిపోయినా అందులోని ఫోటోలు, యాప్‌లు, సందేశాలు చెక్కుచెదరవు. ఫోను పెట్టెమీద "4 జీబీ, 64 జీబీ" అని రెండు అంకెలు అచ్చువేసి ఉంటే, మొదటిది బల్ల వైశాల్యం, రెండవది రికార్డు గది వైశాల్యం. 64 జీబీ అన్నది కూడా పూర్తిగా మన వశంలో ఉండదు. ఆండ్రాయిడ్ వ్యవస్థ, తయారీదారు ముందుగానే పెట్టిన యాప్‌లు అందులో కొన్ని గదులను మనకంటె ముందే ఆక్రమించి ఉంటాయి. 32 జీబీ ఫోను కొన్నవారికి మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, మొదటి రోజునే నిండి కనిపించడానికి కారణమిదే.

బల్ల ఖాళీగా ఉండాలా?

ఆండ్రాయిడ్ ఫోను మొట్టమొదటిసారిగా 2008లో అమెరికాలో విక్రయానికి వచ్చింది. దానిలో ర్యామ్ 192 ఎంబీ. అంటే నేటి సామాన్యమైన 4 జీబీ ఫోనులోని ర్యామ్‌లో ఇరవయ్యోవంతు కంటె తక్కువ. అంత ఇరుకైన బల్లమీద పనిచేయడం నేర్చుకుంటూ పెరిగిన వ్యవస్థ కాబట్టి, పొదుపు దానికి పుట్టుకతో వచ్చిన గుణం. లినక్స్ అనే మూలవ్యవస్థపై నిర్మితమైన ఆండ్రాయిడ్, ఒక యాప్‌ను మనం విడిచి మరొకదానికి పోయినప్పుడు మొదటిదానిని వెంటనే మూసివేయదు. మళ్లీ తిరిగివస్తామేమోనని దానిని ర్యామ్‌లోనే ఒక మూల ఉంచుతుంది. కొత్త పనికి చోటు చాలనప్పుడు, అన్నింటికంటె అవసరం తక్కువైన యాప్‌ను ఎంచి తానే తొలగిస్తుంది. తొలగించవలసిన వరుస ఎప్పటికప్పుడు దాని వద్ద సిద్ధంగానే ఉంటుంది. ప్రస్తుతం తెరమీద ఉన్నది ఆ వరుసలో చిట్టచివర. పాట వినిపిస్తున్నది దానికి కొంచెం ముందు. ఉదయం ఒకసారి తెరిచి మరచిపోయినది మొట్టమొదట. ర్యామ్‌లో అరుదుగా వాడే భాగాలను కుదించి, తక్కువ చోటులో సర్దే ఏర్పాటు కూడా నేటి ఫోనులలో ఉన్నది.

కనుక సెట్టింగ్స్‌లో చూసినప్పుడు ర్యామ్ మూడువంతులు నిండి కనిపించడం ఆరోగ్య లక్షణమే. తెలివిగల గుమాస్తా మధ్యాహ్నం మళ్లీ కావలసిన ఫైలును బల్ల అంచున పెట్టుకున్నట్లే ఇది. 'క్లీనర్', 'బూస్టర్' పేర్లతో వచ్చే యాప్‌లు చేసే పనేమిటంటే, గంటకొకసారి వచ్చి బల్లమీది ఫైళ్లన్నీ గంపలో వేసి రికార్డు గదికి మోయడం. "700 ఎంబీ విడుదలయింది" అని రంగురంగుల అక్షరాలలో ప్రకటన కనిపిస్తుంది. చూడడానికి తృప్తిగానే ఉంటుంది. మరునిమిషంలో వాట్సాప్ తెరిస్తే, ఫోను దానిని మొదటినుండి మళ్లీ ర్యామ్‌లోకి ఎక్కించుకోవాలి. నిలిపి ఉంచిన యాప్‌ను కొనసాగించడంకంటె, మూసినదానిని కొత్తగా తెరవడానికి సమయమూ ఎక్కువే, బ్యాటరీ ఖర్చూ ఎక్కువే. పైగా మూసిన వాటిలో కొన్ని తమంతట తామే మళ్లీ లేస్తాయి. క్లీనర్ మళ్లీ మూస్తుంది. ఈ దాగుడుమూతలు సాగినంతసేపు క్లీనర్ తానుకూడా ర్యామ్‌లోనే కూర్చుని ఉంటుంది, మధ్యమధ్య వాణిజ్య ప్రకటనలు చూపుతూ. ఇటీవలి యాప్‌లన్నింటినీ వేలితో వరుసగా పైకి తోసివేసే అలవాటు కూడా ఈ కోవకే చెందుతుంది. ఏదైనా ఒక యాప్ నిజంగా బిగుసుకుపోతే దానిని ఒక్కదానిని తోసివేయడం, అవసరమైతే సెట్టింగ్స్‌లో 'ఫోర్స్ స్టాప్' చేయడం సబబు. అన్నింటినీ ప్రతి అరగంటకూ ఊడ్చివేయడం వృథాశ్రమ.

అయితే ర్యామ్ కొరత అనేదే లేదని దీని అర్థం కాదు. 2014 సెప్టెంబరులో 'ఆండ్రాయిడ్ వన్' పేరిట భారతదేశంలో విడుదలైన చౌక ఫోనులలో ర్యామ్ 1 జీబీ, స్టోరేజ్ 4 జీబీ మాత్రమే. అటువంటి ఫోనులకోసమే గూగుల్ 2017లో 'ఆండ్రాయిడ్ గో' అనే తేలికపాటి రూపాన్ని ప్రకటించింది. నేటికీ 2 జీబీ, 3 జీబీ ర్యామ్‌తో నడిచే ఫోనులు ఇళ్లలో తండ్రినుండి పిల్లలకు, పిల్లలనుండి తాతగారికి చేతులు మారుతూనే ఉన్నాయి. వీటిలో చేయదగిన పని కొంత ఉన్నది. కదిలే వాల్‌పేపర్లు, ముంగిలి తెరమీది విడ్జెట్లు తీసివేయడం; ఒకే పని చేసే మూడు యాప్‌లు ఉంటే రెండింటిని తొలగించడం; తొలగించడానికి వీలుకాని ముందస్తు యాప్‌లను 'డిసేబుల్' చేయడం; వారానికొకసారి ఫోనును ఆపి మళ్లీ వెలిగించడం. ఇంతకుమించిన కిటుకులు లేవు. కొన్ని ఫోనులలో స్టోరేజ్‌నుండి కొంత భాగాన్ని ర్యామ్‌గా అరువు తీసుకునే ఏర్పాటు ఉంటుంది. దానిని 'వర్చువల్ ర్యామ్' వంటి పేర్లతో గొప్పగా ప్రచారం చేస్తారు. బల్ల చాలక రికార్డు గది నేలమీద ఫైళ్లు పరచుకోవడమే ఇది. పని సాగుతుంది గాని వేగం బల్లమీదిది కాదు. స్టోరేజ్ ఇరుకుగా ఉన్న ఫోనులో ఈ ఏర్పాటును తగ్గించినా, ఆపివేసినా అంతమేరకు నిల్వ స్థలం తిరిగి వస్తుంది.

రికార్డు గది నిండితే వేగమెందుకు తగ్గుతుంది?

ఇక అసలు జబ్బు. ఎక్కువ ఫోనులలో మందకొడితనానికి మూలం ఇక్కడ ఉంటుంది.

ఫోను స్టోరేజ్ 'ఫ్లాష్' అనే జాతికి చెందిన చిప్పు. దానికొక విచిత్ర స్వభావం ఉన్నది. చిన్నచిన్న పుటలుగా వ్రాసుకోగలదు గాని, చెరపవలసి వచ్చినప్పుడు ఒక్క పుటను చెరపలేదు. అనేక పుటలు గల ఒక పెద్ద ఖండాన్ని మొత్తంగా చెరపాలి. పలకమీద ఒక్క అక్షరం మార్చడానికి పలకంతా తుడవవలసి వచ్చినట్లు. తుడిచేముందు ఆ ఖండంలో ఇంకా పనికివచ్చే పుటలను మరొక చోటికి ఎత్తి వ్రాయాలి. ఖాళీ ఖండాలు సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ సర్దుబాటు మన కంటికి కనబడకుండా జరిగిపోతుంది. స్టోరేజ్ 95 శాతం నిండినప్పుడు మాత్రం, ఒక చిన్న సందేశం వ్రాసుకోవడానికి కూడా చిప్పు ముందు చోటు వెదకి, పాతది ఎత్తి, తుడిచి, అటుపైన వ్రాయవలసి వస్తుంది. యాప్‌లు నిరంతరం ఏవో చిన్న వ్రాతలు వ్రాస్తూనే ఉంటాయి కాబట్టి ఫోను అడుగడుగునా ఆగినట్లు తోస్తుంది. చిప్పు ఆయుర్దాయం కూడా ఈ అదనపు వ్రాతలవల్ల తరుగుతుంది.

కాబట్టి మొత్తం స్టోరేజ్‌లో పదోవంతునుండి ఆరోవంతు వరకు ఎల్లప్పుడూ ఖాళీగా ఉంచడం మంచి లెక్క. 64 జీబీ ఫోనులో 8 జీబీ ఖాళీ ఉంటే నిశ్చింత. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు దిగడానికి కూడా ఈ ఖాళీయే ఆధారం. స్థలం లేక నెలల తరబడి అప్‌డేట్లు వాయిదా వేసిన ఫోనుతో బ్యాంకు పనులు చేయడం, తలుపుకు గడియ లేని ఇంట్లో నగలు పెట్టుకోవడం వంటిది.

'శుభోదయం' బరువెంత?

మన దేశపు ఫోనులు ఎందుకింత తొందరగా నిండుతున్నాయన్న ప్రశ్న అమెరికాలోని గూగుల్ పరిశోధకులను సైతం ఆకర్షించింది. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ప్రచురించిన కథనం దీనిని ప్రపంచానికి తెలిపింది. సూర్యోదయాలు, గులాబీలు, పసిపాపలు, దేవుళ్లు, వాటిమీద ఒక సూక్తి, అడుగున "గుడ్ మార్నింగ్". తెల్లవారేసరికి కోట్లాది ఫోనులలో దిగే ఈ బొమ్మలే కారణాలలో ముఖ్యమైనవిగా వారు గుర్తించారు. అంతకు ముందునెలలోనే, అంటే 2017 డిసెంబరులో, 'ఫైల్స్ గో' అనే యాప్‌ను గూగుల్ న్యూఢిల్లీలో విడుదల చేసింది. ఇటువంటి బొమ్మలను ఏరి చూపడం దాని పనులలో ఒకటి. నేడు అది 'ఫైల్స్' పేరిట అనేక ఫోనులలో ముందుగానే ఉంటున్నది.

ఈ అలవాటును ఎగతాళి చేయడం తేలిక. కాని ఒక రైల్వే ఉద్యోగి నాగపూరునుండి, అతని చెల్లెలు దుబాయినుండి, మేనమామ శ్రీకాకుళంనుండి రోజూ ఒక బొమ్మతో "మేమున్నాం" అని చెప్పుకుంటున్నారంటే, అందులో తప్పు పట్టవలసినది నాకు కనబడదు. లెక్క మాత్రం చూడవలసి ఉన్నది. 'శుభోదయం' అనే మాటను అక్షరాలలో పంపితే ఎంత చోటు పడుతుంది? నేడు అన్ని లిపులకూ వర్తించే యూనికోడ్ పద్ధతిలో, అక్షరాలు, వాటి గుణింతపు గుర్తులు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. 'శుభోదయం'లో అటువంటివి ఏడు. సాధారణంగా వాడే సంకేత విధానంలో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. హిందీ 'సుప్రభాత్' దేవనాగరిలో ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. అదే మాటను ఒక గులాబీమీద అచ్చువేసి బొమ్మగా పంపితే, చిన్న బొమ్మ అయినా లక్ష బైట్లకు తక్కువ ఉండదు. అంటే దాదాపు అయిదు వేల రెట్లు. వీడియో అయితే మరో యాభై రెట్లు పైన.

ఒక వ్యక్తికి అయిదు గ్రూపులు ఉన్నాయనీ, రోజుకు యాభై బొమ్మలు, అయిదు చిన్న వీడియోలు వస్తాయనీ అనుకుందాం. బొమ్మలు రోజుకు 5 ఎంబీ. వీడియోలు ఒక్కొక్కటి 5 ఎంబీ చొప్పున 25 ఎంబీ. రోజుకు 30 ఎంబీ అంటే లెక్కకు రానిదిగానే కనిపిస్తుంది. సంవత్సరానికి అది దాదాపు 11 జీబీ. 32 జీబీ ఫోనులో మనకు దక్కిన చోటులో సగం ఒక్క ఏడాదిలో, మనం ఒక్క బొమ్మ కూడా తీయకుండానే, నిండిపోతుంది.

తొలగించే క్రమం

మొదటి నియమం: తొలగించేముందు భద్రపరచండి. కావలసిన ఫోటోలను కంప్యూటరులోనికో, ఫోనుకు నేరుగా తగిలించుకొనే పెన్‌డ్రైవులోనికో నకలు తీసుకొన్న తరువాతనే చేయి కదపాలి.

ఆపైన వాట్సాప్‌తో ఆరంభించడం లాభదాయకం. దాని సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్, డేటా' విభాగాన 'మేనేజ్ స్టోరేజ్' అనే అంశం ఉన్నది. అనేక పర్యాయాలు చేతులు మారిన ఫార్వర్డులు ఒక చోట, 5 ఎంబీకి మించినవి మరొక చోట పేర్చి చూపుతుంది. దిగువన ఏ గ్రూపు ఎంత చోటు తిన్నదో వరుసగా ఉంటుంది. ఈ పుటలో పదిహేను నిమిషాలు గడిపితే, చాలామందికి అయిదారు జీబీలు తేలికగా దొరుకుతాయి. మళ్లీ నిండకుండా ఉండాలంటే, అదే విభాగంలో వీడియోలు, ఫోటోలు తమంతట తాము దిగే ఏర్పాటును ఆపివేయాలి. అప్పుడు మనం తాకినది మాత్రమే దిగుతుంది. ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. 'మీడియా విజిబిలిటీ' అనే మీటను ఆపితే స్థలం మిగులుతుందని పలువురు నమ్ముతున్నారు. దానివలన బొమ్మలు గ్యాలరీలో కనబడకుండా పోతాయే గాని ఫోనునుండి పోవు. కంటికి కనిపించని చెత్త మరింత చెత్త.

మనం పంపినవి కూడా వాట్సాప్ తన 'సెంట్' అరలో ఒక ప్రతి దాచుకుంటుంది. పెళ్లి వీడియో ఒకటి బంధువులకు పంపితే, అది కెమెరా అరలో ఒకటి, పంపినవాటి అరలో ఒకటి అవుతుంది. ఫైల్స్ యాప్ ఇటువంటి జంట ప్రతులను పసిగడుతుంది.

తరువాతిది ఫోటోలు, వీడియోలు. ఒక్క నిమిషం వీడియో, మామూలు స్పష్టతతో తీసినా, సుమారు 100 ఎంబీ అవుతుంది. 4కే అనే అత్యధిక స్పష్టతలో తీస్తే దానికి అనేక రెట్లు. మనుమడి తొలి అడుగులకు అది తగును గాని, దుకాణంలో టీవీ ధర అడగడానికి తీసిన వీడియోకు తగదు. గూగుల్ ఫోటోస్ వాడేవారు రెండు ఆజ్ఞల భేదాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. 'ఫ్రీ అప్ స్పేస్' అన్నది, ఇప్పటికే ఆన్‌లైన్ ఖాతాకు చేరిన ఫోటోల ప్రతులను ఫోనునుండి మాత్రమే తీసివేస్తుంది. 'డిలీట్' అన్నది, బ్యాకప్ అయిన ఫోటోను ఫోనునుండీ, ఖాతానుండీ కూడా తొలగిస్తుంది. మొదటిదనుకొని రెండవది నొక్కినవారి దుఃఖం చిన్నది కాదు. బ్యాకప్ అయినవి 'బిన్' అరలో 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి కాబట్టి, ఆ గడువులోగా మేలుకుంటే తిరిగి తెచ్చుకోవచ్చును. ఇదే కారణంచేత ఫోటోలు తీసివేసిన వెంటనే చోటు పెరగలేదని కంగారుపడనక్కరలేదు. బిన్ ఖాళీ చేస్తేగాని చోటు రాదు. ఈ ఆన్‌లైన్ ఖాతా కూడా అక్షయపాత్ర కాదు. 2021 జూన్ 1 తరువాత ఎక్కించిన ఫోటోలన్నీ 15 జీబీల ఉచిత పరిమితిలో లెక్కకు వస్తున్నాయి. ఇటీవలి సంవత్సరాలలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలలోనే సర్దుకోవలసి వస్తున్నది.

యాప్‌ల విషయంలో 'క్లియర్ క్యాష్', 'క్లియర్ డేటా' అనే రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. వీటిని రైలుపెట్టెలోని దీపపు మీట, ప్రమాదపు గొలుసుల వంటివిగా భావించవచ్చును. క్యాష్ అంటే యాప్ తన సౌకర్యంకోసం దాచుకున్న తాత్కాలిక సామగ్రి. దానిని తీసివేస్తే నష్టం లేదు. మరునాడు కొంత మళ్లీ పోగుపడుతుంది. డేటా అంటే యాప్‌లోని మన సమస్తం. వాట్సాప్‌కు 'క్లియర్ డేటా' నొక్కితే సంభాషణలన్నీ ఫోనులోని యాప్‌నుండి పోతాయి. బ్యాకప్ ఉంటేనే తిరిగి వస్తాయి. బ్యాంకు యాప్‌కు నొక్కితే మళ్లీ మొదటినుండి నమోదు చేసుకోవాలి. ఆ మీట జోలికి పోకపోవడమే ఉత్తమం.

మెమరీ కార్డు పెట్టే వీలున్న ఫోనులలో ఫోటోలను, పాటలను అందులోకి మార్చవచ్చును. యాప్‌లను కార్డుకు మార్చడం మాత్రం వేగాన్ని చంపుతుంది, ఏలనంటే కార్డు ఫోను సొంత స్టోరేజ్ కంటె చాలా నెమ్మది. చౌక కార్డులు హఠాత్తుగా చెడిపోవడమూ కద్దు. ఏకైక ప్రతిని ఎన్నడూ కార్డులో ఉంచరాదు.

తొలగించరానివి

తొలగింపు ఒక వేడిలో సాగిపోయే పని. అంకె తగ్గుతున్నకొద్దీ ఉత్సాహం పెరుగుతుంది. ఆ ఉత్సాహంలో "చాట్ మొత్తం క్లియర్ చేద్దాం" అనిపిస్తుంది. అక్కడ ఆగండి.

వాట్సాప్‌లోని ఒక నిమిషం స్వర సందేశం కొన్ని వందల కిలోబైట్లకు మించదు. అంటే రెండు మూడు గుడ్ మార్నింగ్ బొమ్మల బరువు. "బాబూ, అన్నం తిన్నావా" అని ఊరినుండి తల్లి పంపిన పలకరింపు అందులో ఉండవచ్చును. ఆ మనిషి లేని తరువాత ఆ గొంతు మరెక్కడా దొరకదు. గులాబీ బొమ్మ రేపు మళ్లీ వస్తుంది. పొలం పాసుపుస్తకం ఫోటో, ఆసుపత్రి చీటీ, ఇంటద్దె ఒప్పందం, బిడ్డ స్కానింగు చిత్రం, ఇవన్నీ చాట్ల అడుగునే పడి ఉంటాయి. అన్నీ కలిపినా ఒక సినిమా పాట వీడియోకు సరితూగవు. కాబట్టి పరిమాణాన్ని బట్టి పెద్దవాటినుండి తొలగిస్తూ రావడమే క్షేమం. చిన్నవాటి దాకా పోవలసిన అవసరం సాధారణంగా రాదు. తప్పనిసరిగా చాట్ క్లియర్ చేయవలసి వస్తే, ఉంచదలచిన సందేశాలకు ముందుగా నక్షత్రపు గుర్తు పెట్టుకోవాలి. క్లియర్ చేసేటప్పుడు ఆ గుర్తున్నవాటిని విడిచిపెట్టే వీలు వాట్సాప్‌లో ఉన్నది. స్వర సందేశాలనైతే ఫైలుగా బయటికి పంపి మరొకచోట కూడా దాచుకోవడం మేలు.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పత్రాల ఫోటోలు ఒక్కొక్కటి పది ప్రతులు ఫోనులో పడి ఉండనక్కరలేదు. 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లో వాటిని ఎప్పుడైనా చూడవచ్చును, చూపవచ్చును. ఫోను పోయినప్పుడు పరుల చేతికి చిక్కకుండా ఉండడం దీనివలన కలిగే అదనపు లాభం.

అన్నీ చేసినా ఫోను కదలకపోతే, 'ఫ్యాక్టరీ రీసెట్' అనే ఆఖరి అస్త్రం మిగులుతుంది. ఫోను కొన్ననాటి స్థితికి పోతుంది. వాట్సాప్ బ్యాకప్, గూగుల్ ఖాతా పాస్‌వర్డు, బ్యాంకు యాప్‌ల వివరాలు చేతిలో పెట్టుకొని, తీరిక ఉన్న ఆదివారం నాడు మాత్రమే దీనికి పూనుకోవాలి. ఓటీపీ కోసం ఎదురుచూస్తున్న సోమవారం ఉదయం కాదు. ఆరేడేళ్లు గడిచి, తయారీదారు అప్‌డేట్లు ఎప్పుడో నిలిపివేసిన ఫోనుకు ఈ అస్త్రం కూడా కొద్దికాలమే ఉపశమనమిస్తుంది.

చివరగా ఒక చిన్న పని. పెద్ద ఎత్తున తొలగింపు జరిగిన రాత్రి ఫోనును చార్జింగులో పెట్టి, కదపకుండా వదిలివేయండి. ఏ ఖండాలు ఖాళీ అయ్యాయో ఆండ్రాయిడ్ చిప్పుకు తెలియజేసి తుడిపించే 'ట్రిమ్' అనే ప్రక్రియ 2013నుండి ఆండ్రాయిడ్‌లో ఉన్నది. ఫోను విశ్రాంతిగా, చార్జింగులో ఉన్న వేళనే అది జరుగుతుంది. రాత్రి తీసివేసిన 10 జీబీల ఫలితం పూర్తిగా కనిపించేది మరునాడు ఉదయమే.